ఉప్పునీటి చేపల ట్యాంకు కొంటున్నారా? మిగతా డబ్బులు ఇచ్చే ముందు ఒక్కసారి పంపు ఆపి చూడండి

పోయిన నెల తెల్లవారుజామున ఐదింటికి తలుపు దబదబా బాదారు. కింది ఫ్లాటు ఆంటీ. "బాబూ, మీ బాల్కనీలోంచి మా బట్టల మీదకి నీళ్లు కారుతున్నాయి, వాషింగ్ మెషిన్ పైపు గానీ ఊడిందేమో చూడు" అన్నారు. లైటు వేస్తే వెలగలేదు, కరెంటు లేదు. ఫోను వెలుతురులో హాల్లోకి వెళ్తే పాదాలకి తడి తగిలింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నా. ఉప్పు.

ట్యాంకు వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. నీళ్లు, రాళ్లు తప్ప ఇంకా చేపలు వేయలేదు, అదొక్కటే అదృష్టం.

నీళ్లు పొంగింది సంపులోంచి. ఇక్కడ సంపు అంటే మన ఇళ్ల ముందు నేలలో ఉండేది కాదు. ట్యాంకు కింద క్యాబినెట్‌లో పెట్టే చిన్న గాజు తొట్టి. పై ట్యాంకులో మట్టం దాటిన నీళ్లు ఓవర్‌ఫ్లో బాక్సు అనే చిన్న అరలోకి పొర్లి, అక్కడినుంచి సంపులోకి దిగుతాయి, రిటర్న్ పంపు వాటిని మళ్లీ పైకి పంపుతుంది. నా ట్యాంకు 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు. "రీఫ్ రెడీ, ప్లగ్ పెడితే చాలు సార్" అని అమ్మారు, అంటే పగడాలు పెంచడానికి అంతా సిద్ధమని. షాపు పేరు రాయను. పేరు కంటే వాళ్లు చేసిన తప్పు తెలియడం మీకు ఎక్కువ పనికొస్తుంది.

పంపు ఆగితే నీళ్లు పైకి వెళ్లడం ఆగుతుందనే అనుకున్నా. ఆగుతుంది. అక్కడితో ఊరుకోదు, వచ్చిన పైపులోంచే వెనక్కి దిగుతుంది. పీపాలో గొట్టం ముంచి నోటితో ఒక్కసారి పీల్చి కిరసనాయిలు దింపేవారు చూడండి, అచ్చం అదే. రిటర్న్ పైపు మూతికి గాలి తగిలేదాకా ఆగదు. నా ట్యాంకులో ఆ మూతి నీటి మట్టానికి 4 అంగుళాల కింద ఉంది. ఈ సైజు ట్యాంకులో ఒక్క అంగుళం నీరంటే దాదాపు 19 లీటర్లు, అంటే 75 లీటర్లు కిందకి రావాలి. సంపు 3 అడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 15 ఎత్తు. షాపువాళ్లే 10 అంగుళాల దాకా నింపి వెళ్లారు. మిగిలిన 5 అంగుళాల్లో పట్టేది 44 లీటర్లు. తక్కిన 30 చిల్లర హాల్లోకి, బాల్కనీలోకి, ఆంటీ చీరల మీదకి. లీటరుకి 35 గ్రాముల లెక్కన నేల మీద ఆరింది కిలో ఉప్పు! క్యాబినెట్ అడుగు ప్లైవుడ్ ఉబ్బిపోయింది. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా ఆ అడుగునే ఉంది, తడిసింది. ఆ సమయానికి కరెంటు లేకపోవడమే మేలైంది.

ఫోన్ చేస్తే "నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాం కదా సార్, నీళ్లు వెనక్కి రావు" అన్నారు. విప్పి చూశా. లోపల తలుపు దగ్గర చిన్న గులకరాయి ముక్క ఇరుక్కుని ఉంది. అది లేకపోయినా కొన్ని నెలల్లో ఉప్పు, నాచు పేరుకుని ఆ తలుపు సరిగ్గా మూసుకోదు, దాన్ని నమ్ముకుని సంపు నింపకూడదు. అసలు గుండె ఆగిందెక్కడంటే, అది ఇత్తడి వాల్వ్. ఇంటి మోటారుకి వేసే రకం. ఇత్తడిలో రాగి ఉంటుంది, ఉప్పునీట్లో కరుగుతుంది, పగడాలకీ రొయ్యలకీ నత్తలకీ విషం. రీఫ్ రెడీ అట!

"ఇన్వర్టర్ పెట్టుకోండి సార్" అన్నది రెండో సలహా. బ్యాటరీ అయిపోతే? పంపు కడగడానికి నేనే ఆపితే?

ఇంకో లోపం తర్వాత బయటపడింది. ఓవర్‌ఫ్లో బాక్సు అడుగున రెండే రంధ్రాలు, ఒకటి డ్రెయిన్, ఒకటి రిటర్న్. ఆ ఒక్క డ్రెయిన్‌కి నత్త అడ్డం పడితే ఈసారి పై ట్యాంకు పొంగుతుంది. గాజుకి కొత్తగా రంధ్రం వేసే ధైర్యం నాకు లేదు. అందుకని రిటర్న్ రంధ్రాన్నే ఎమర్జెన్సీ డ్రెయిన్ చేశా. దాని మూతి మొదటి డ్రెయిన్ కంటే కాస్త ఎత్తులో ఉంటుంది, మామూలుగా పొడిగానే ఉండాలి. దానికి వాల్వ్ పెట్టకూడదు. మొదటి డ్రెయిన్‌కి ధారని తగ్గించే గేట్ వాల్వ్ వేసి కొద్దిగా బిగించాక ఇన్నాళ్లూ నిద్ర పట్టనివ్వని గుడగుడ కూడా పోయింది. రిటర్న్ పైపుని వెనక అంచు మీదుగా వంచి, మూతి నీటి మట్టానికి అర అంగుళం కిందే ఉంచా. పంపు ఆగగానే గాలి చొరబడి నీళ్లు వెనక్కి దిగడం ఆగేలా దానికి గాలి రంధ్రం కూడా పెట్టా గానీ, అది మూసుకుపోయినా కొంప మునగదు.

మీరు కొనేటప్పుడు ఉప్పు కలపకముందే మంచినీళ్లతో నడిపించమనండి. పంపు ఆపి, నీళ్లు దిగడం పూర్తిగా ఆగేదాకా కూర్చోండి, పావుగంట పట్టినా సరే. మళ్లీ వేయండి. ఇలా నాలుగుసార్లు. తర్వాత డ్రెయిన్ మూతికి గుడ్డ అడ్డం పెట్టండి. ఎమర్జెన్సీ పైపు అందుకోవాలి. అదీ మూసేస్తే, ట్యాంకు పొంగేలోపే సంపులో పంపు ఉన్న గది ఖాళీ అవ్వాలి. "మా దగ్గర అలా టెస్ట్ చెయ్యరండీ" అంటే అడ్వాన్సు వెనక్కి అడగండి.

పంపు డబ్బా మీద గంటకి 5000 లీటర్లని చూసి మురిసిపోకండి, అది ఎత్తు లేనప్పటి లెక్క. పక్కనే గరిష్ఠ ఎత్తు 3 మీటర్లు అని ఉంటే, ఆ ఎత్తులో చుక్క కూడా రాదని అర్థం.

గాజు రంధ్రంలో పైపుని బిగించే ట్యాంకు కనెక్టర్‌కి రబ్బరు వాషర్ నీళ్లున్న వైపు, అంటే దాని వెడల్పాటి అంచు (ఫ్లాంజ్) వైపు ఉండాలి. నాకు నట్టు వైపు వేశారు. జాయింట్ల కింద టిష్యూ పేపరు పెట్టి ఒక రాత్రి ఉంచితే ఇట్టే తెలిసిపోయింది.

షాపాయన వాల్వ్ డబ్బులు 650 వెనక్కిచ్చాడు. ప్లైవుడ్‌కి, ఆంటీ చీరలకి తనకి సంబంధం లేదట. ఇప్పుడు సంపు గాజు మీద పంపు నడుస్తున్నప్పటి గరిష్ఠ మట్టం దగ్గర మార్కరుతో ఎర్ర గీత గీశా, ఇంట్లో ఎవరూ అది దాటి నీళ్లు పొయ్యకూడదు.