రెండడుగుల ట్యాంక్ కాంబో: సామాను బాగుంది, చేపలతోనే గొడవంతా

ఈ రెండడుగుల ట్యాంక్ కాంబో ఇప్పుడు బెజవాడలో ఏ అక్వేరియం షాపుకెళ్లినా కనిపిస్తోంది. ట్యాంకు, మూత, లైటు, లోపల పెట్టే ఫిల్టరు, హీటరు, రంగురాళ్లు, యాంటీ క్లోరిన్ సీసా, వీటితో పాటు పదకొండు చేపలు, అన్నీ కలిపి ఐదు వేల లోపే. మా బావగారు పిల్లల కోసం కొన్నారు. నాకు చేపల పిచ్చి ఎప్పట్నుంచో ఉంది కాబట్టి ఓసారి వచ్చి చూడమన్నారు. షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే చుట్టుపక్కల అందరూ కాస్త అటూ ఇటుగా ఈ లిస్టే అంటగడుతున్నారు.

సామాను సంగతి ముందు చెప్పేస్తా. గాజు అతుకులు నీట్‌గా ఉన్నాయి, ఎక్కడా లీకు లేదు, ఫిల్టరు రాత్రి హాల్లో పడుకున్నా చప్పుడు వినపడనంత బాగా తిరుగుతోంది. రంగురాళ్లు మాత్రం కడుగుతుంటే నీలం నీళ్లు వదిలాయి, వాటిని పక్కన పడేసి మామూలు సన్న ఇసుక వేసుకోండి. సామానుకి ఐదుకి నాలుగిస్తా. చేపల ఎంపికకి ఒకటి ఇవ్వడం కూడా ఎక్కువే.

లిస్టు చూడండి. గోల్డ్ ఫిష్ రెండు, ఏంజెల్స్ రెండు, టైగర్ బార్బ్స్ నాలుగు, షార్కులు రెండు, సక్కర్ ఒకటి. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తున్న ట్యాంకులో అడుగున వేసింది పోను యాభై లీటర్ల నీళ్లు పడితే గొప్ప. "ఇవన్నీ కలిసి ఉంటాయా తమ్ముడూ" అని మా బావగారు అడిగితే "ఏం కాదు సార్, అన్నీ చిన్నపిల్లలే కదా, కలిసే పెరుగుతాయి" అన్నాడట షాపతను. పెరగడమే కదా అసలు సమస్య.

నేను వెళ్లేసరికి ఏంజెల్ ఒకటి ఫిల్టరు పైపు వెనక్కి దూరి, కదలకుండా నిలబడి ఉంది. ఏంజెల్స్‌కి పొట్ట కింద మీసాల్లా రెండు పొడుగాటి రెక్కలు వేలాడతాయి, దీనికి అవి సగానికి తెగిపోయి మొండిగా మిగిలాయి. ఐదు నిమిషాలు అక్కడే కూర్చుని చూస్తే విషయం అర్థమైంది, బార్బ్ కింద నుంచి వస్తుంది, ఒక్క కొరుకు కొరుకుతుంది, వెళ్లి మిగతా మూడింటిలో కలిసిపోతుంది. టైగర్ బార్బ్స్ చెడ్డవని కాదు, అది గుంపు చేప. ఎనిమిదో పదో ఉంటే వాటి తగువులు వాటిలోనే తీరిపోతాయి, నలుగురినే తెచ్చి పక్కన పొడుగు రెక్కల చేపని పెడితే ఆ కసంతా దాని మీద పడుతుంది. అందుకే బార్బ్స్ కావాలనుకుంటే పెద్ద ట్యాంకులో వాటికే ఇచ్చేయండి, ఏంజెల్, గప్పీ, ఫైటర్ లాంటి వాటి జోలికి పోవద్దు.

గోల్డ్ ఫిష్ చల్లనీళ్ల చేప. 20 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ఉంటే హాయిగా ఉంటుంది, ఏంజెల్‌కేమో 26 దాకా కావాలి. మరి హీటరు ఎవరి కోసం పెట్టాలి? పైగా గోల్డ్ ఫిష్ పగలంతా తింటూనే ఉంటుంది, తిన్నదంతా నీళ్లలోకే వదులుతుంది, ఈ చిన్న ఫిల్టరు దానికి చాలదు. బెజవాడ ఎండలకి ఏసీ లేని హాల్లో నీళ్లు 30 దాటిపోతాయి కాబట్టి నా మటుకు నేను ఇక్కడ గోల్డ్ ఫిష్ ఎవరికీ చెప్పను.

షార్కు అని అమ్మేది ఏంటో తెలుసా? మన కైకలూరు వైపు చెరువుల్లో తిండి కోసం పెంచే పంగాసియస్ పిల్లే అది! మీటరు దాకా పెరిగే చేపని రెండడుగుల గాజు డబ్బాలో వేసి ఇచ్చారు. దానికి బెదురెక్కువ, లైటు వేయగానే ఉలిక్కిపడి మూతి గాజుకి కొట్టుకుంటుంది. సక్కర్ కూడా అంతే, చిన్నప్పుడు నాచు తింటుంది నిజమే, పెద్దయ్యాక అడుగు పొడవు దాటుతుంది, రాత్రిళ్లు గోల్డ్ ఫిష్, ఏంజెల్స్ ఒంటికి అతుక్కుని పైన ఉండే జిగురు పొర నాకేస్తుంది. ట్యాంకులో పట్టడం లేదని దయచేసి కాలవలో వదలకండి. అలా జనం వదిలిన వాటి జాతే ఇప్పుడు మన చెరువుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతోంది.

అసలు పెద్ద కంప్లైంటు ఇంకోటుంది. ట్యాంకు బిగించిన రోజే చేపలు వదిలేసి వెళ్లారు. చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా వస్తుంది, దాన్ని విరిచేసే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా పదకొండు చేపలంటే వాటిని విషంలో ఉంచినట్టే. ఆ స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగితే ఆ క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చి మళ్లీ మొదటికొస్తుంది, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

మరి ఈ ట్యాంకులో ఏం వేయాలంటే, ముందు మీ నీళ్లు చూసుకోండి. బకెట్ మీద తెల్లటి చారలు కట్టే బోరు నీళ్లయితే గప్పీలు, ప్లాటీలు బ్రహ్మాండంగా ఉంటాయి, ఒక మగదానికి రెండు మూడు ఆడవి చొప్పున, లేకపోతే మగవి వెంటపడి ఆడవాటిని తిననివ్వవు. పిల్లలు తెగ పెడతాయి, దానికి సిద్ధపడాలి. నీళ్లు సాఫ్ట్‌గా, అంటే అలా చారలు కట్టకుండా ఉంటే ఎనిమిది నియాన్ టెట్రాలు మధ్యలో, అడుగున తిరిగే మీసాల చేపలు చిన్నరకం కోరీలు ఆరు సరిపోతాయి, కోరీలకి సన్న ఇసుకే ఉండాలి, గరుకు రాళ్లకి మూతి మీసాలు అరిగిపోతాయి. నియాన్లకి తోడుగా ఏంజెల్స్ మాత్రం వద్దు, కొన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉన్నది అరచెయ్యంత అయ్యాక పక్కనున్న నియాన్ దానికి మేతే. ఏదీ తేల్చుకోలేకపోతే జీబ్రా డానియోలు తెచ్చుకోండి. మన దేశపు వాగుల్లో పుట్టిన చేప, ఎలాంటి నీళ్లకైనా అలవాటు పడుతుంది, ధర కూడా తక్కువ, ఎందుకో మన షాపుల్లో దాన్ని ఓ మూల పెడతారు. అన్నీ ఒకేసారి కాకుండా కొన్ని కొన్నిగా వదలండి.

గొడవపడగా షాపతను బార్బ్స్‌నీ షార్కుల్నీ వెనక్కి తీసుకున్నాడు, డబ్బులివ్వలేదు, బదులుగా ప్లాటీలిచ్చాడు. గోల్డ్ ఫిష్, సక్కర్ సంగతి ఇంకా తేలలేదు. మీరు కొనేటప్పుడు "చేపలు వద్దు, సామాను ఒక్కటే ఎంతకిస్తావ్" అని అడగండి, ఐదారొందలు తగ్గిస్తున్నారు.