టెలి మానస్ 14416 (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్): వడదెబ్బ అనుకున్న మాకు అసలు సంగతి తెలిసింది ఇక్కడే

మొన్న మే నెలలో మా బిడ్డ దేవరకొండ దగ్గర మా అత్తమ్మ వాళ్ల ఊళ్లో వాకిట్లో కళ్లు తిరిగి పడిపోయింది. నల్లగొండ ఎండ సంగతి మీకు తెలిసిందే, 45 డిగ్రీల దాకా పోయే రోజులవి, అందుకే అందరం వడదెబ్బ అన్నాం, మేం తీసుకుపోయిన ప్రైవేటు ఆస్పత్రి వాళ్లూ వడదెబ్బే అన్నారు. రెండు రోజులు గ్లూకోజ్ ఎక్కించి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చేతిలో పెట్టి, ఎండలో తిరగొద్దని చెప్పి పంపించారు. నిన్న ఏం తిన్నావు బిడ్డా అని ఆ రెండు రోజుల్లో ఒక్కరూ అడగలేదు. కన్నతల్లిని నేనూ అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం హాస్టల్‌లో చదివింది. మార్చిలో పరీక్షలు అయిపోయి ఇంటికి వచ్చినప్పుడే సన్నబడింది, చదువు టెన్షన్ అనుకున్నాం. పైగా ఏప్రిల్‌లో మా ఆడబిడ్డ కూతురి పెండ్లి, వచ్చినవాళ్లంతా ఎంత సన్నగా నాజూగ్గా అయ్యావే అని మెచ్చుకున్నారు. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను మెల్లగా గమనించడం మొదలుపెట్టాను. జొన్న రొట్టెను గోరంత ముక్కలుగా తుంచి కంచం అంచు చుట్టూ పేర్చేది, అరగంట తర్వాత చూస్తే ముక్కలు అట్లనే ఉండేవి, పప్పు మాత్రం కలిపి కలిపి చల్లారిపోయేది. మే నెలలో, కరెంటు పోతే మేం నిద్రపోలేని రాత్రుల్లో, తను ఫుల్ చేతుల స్వెట్టర్ వేసుకుని పడుకునేది. ఒకరోజు చెయ్యి పట్టుకుంటే గాజు మోచేతి దాకా జారింది, ముంజేతి మీద పసిపిల్లలకు ఉన్నట్టు సన్నటి నూగు. నెలసరి వచ్చి ఎన్నాళ్లయిందే అంటే తల దించుకుంది.

మా ఊరి ఆశా వర్కర్ ఇచ్చిన నంబరు 14416. టెలి మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టింది. రాత్రి పగలు పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను రాత్రి పదకొండింటికి డాబా మీదికి పోయి చేశాను, ఎవరైనా వింటే పిల్లకు పిచ్చి అంటారేమోనని భయం. ఫోన్ ఎత్తినామె నన్ను ఏడవనిచ్చింది, ఆ తర్వాత ఒక్కొక్కటే అడిగింది: ఏం తింటోంది, తిన్నాక బాత్‌రూమ్‌కు పోయి ఎంతసేపు ఉంటోంది, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా, చలి వేస్తోందా, చచ్చిపోవాలని ఎప్పుడన్నా అన్నదా. ఆ ప్రశ్నలు వింటుంటేనే నాకు సగం అర్థమైంది. ఫోన్‌లో జబ్బు పేరు చెప్పలేను కానీ ఇది ఆలస్యం చేసే విషయం కాదమ్మా, రేపే ఈసీజీ తీయించండి, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూపించండి అని చెప్పి, సైకియాట్రిస్ట్‌తో కూడా మాట్లాడించింది. పిల్లను తిట్టొద్దు, బలవంతంగా కుక్కి తినిపించొద్దు అని ఆ డాక్టరు గట్టిగా చెప్పాడు.

మర్నాడు సర్కారు దవాఖానలో ఈసీజీ తీస్తే గుండె నిమిషానికి 44 సార్లే కొట్టుకుంటోంది. అదే రోజు హైదరాబాద్ తీసుకుపోయాం, తొమ్మిది రోజులు అడ్మిట్ చేశారు. అనొరెక్సియా నెర్వోసా అన్నారు, అంటే లావైపోతామన్న భయంతో తిండి తగ్గించేసుకునే మానసిక జబ్బు. అక్కడ డాక్టర్ మేడమ్ చెప్పిన ఒక సంగతి ప్రతి తల్లికీ తెలియాలి. చాలా రోజులు పస్తున్న ఒంటికి గ్లూకోజ్ గానీ తిండి గానీ ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండెకే ముప్పు, దాన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారట. అందుకే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి, రోజూ రక్తం చూస్తూ, కొంచెం కొంచెంగా పెంచారు. మేం మే నెలలో ఎక్కించుకున్న ఆ సీసాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మరి ఎండాకాలంలోనే ఎందుకు బయటపడింది మేడమ్ అని అడిగాను. చలి దేశాల్లో ఇట్లాంటి తిండి జబ్బుల మీద రుతువుల ప్రభావాన్ని చాలాకాలంగా గమనిస్తున్నారట. అక్కడ పగలు కురచయ్యే చలికాలంలో దిగులు కమ్ముకోవడాన్ని నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 1984లో ఒక జబ్బుగా వర్ణించారు. ఒకేసారి విపరీతంగా తిని వాంతి చేసుకునే బులీమియా ఉన్నవాళ్లలో కొందరికి ఆ చలికాలంలోనే ఎక్కువవుతుందట. మా పిల్లకున్న అనొరెక్సియాలో మాత్రం లెక్క అంత సూటిగా ఉండదన్నారు. కరోనా వచ్చి బడులు మూతపడ్డాక అమెరికా, బ్రిటన్‌లలో ఈ జబ్బుతో ఆస్పత్రిలో చేరిన పిల్లలు బాగా పెరిగారట, అంటే వాతావరణమే కాదు, పిల్లల దినచర్య తలకిందులైనా జబ్బు ముదురుతుంది. మన దగ్గర వెలుతురుకు కరువు లేదు కదమ్మా, మీ పిల్లకు మార్చి పరీక్షలు, ఏప్రిల్ పెండ్లి, ఫలితాలు, పైన ఎండ, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అప్పటికే నీరసించిన ఒంట్లో నీళ్లు, లవణాలు పోయేసరికి పడిపోయింది అన్నారామె. ఎండాకాలంలో ఆకలి కావట్లేదంటే ఎవరికీ అనుమానం రాదు. ఇది నా మాట.

ఇప్పుడు ఇంట్లోనే వైద్యం నడుస్తోంది. లండన్ మాడ్‌స్లీ హాస్పిటల్‌లో 1980లలో మొదలైన పద్ధతి, కొన్నాళ్లు తిండి బాధ్యత పూర్తిగా అమ్మానాన్నలదే. ఎంత పెట్టాలో మేం నిర్ణయిస్తాం, పక్కన కూర్చుంటాం, ఒక్కోసారి పెరుగన్నానికి గంటంబావు పడుతుంది, మా ఆయన పొలం పని వదిలి మధ్యాహ్నం ఇంటికి వస్తాడు. తిన్న తర్వాత అష్టాచెమ్మా ఆడిస్తాం, బాత్‌రూమ్ వైపు మనసు పోకుండా.

14416కి నేను అయిదుకి అయిదు ఇస్తాను. ఫోన్‌లో నాడి చూడలేరు, బరువు తూచలేరు, పిల్ల స్పృహ తప్పితే మాత్రం ఫోన్లూ గీన్లూ వద్దు, 108కి చేసి దవాఖానకే పొండి. కానీ ఎవరికి చూపించాలో, ఏ పరీక్ష చేయించాలో తెలియని మాలాంటి ఊరివాళ్లకు అర్ధరాత్రి తెలుగులో దారి చెప్పే మనిషి దొరకడం చిన్న సంగతి కాదు. చేసేముందు పిల్ల మూడు రోజులుగా ఏం తిన్నదో, ఆఖరి నెలసరి ఎప్పుడో కాగితం మీద రాసి పెట్టుకోండి, కంగారులో నాకు ఒక్కటీ గుర్తురాలేదు.

పోయినసారి చూపించుకోవడానికి వెళ్తే మేడమ్ మా పిల్లతోనే గోడ క్యాలెండర్‌లో సున్నాలు చుట్టించారు: బతుకమ్మ, సంక్రాంతి, మాఘమాసం పెండ్లిళ్లు, మళ్లీ మార్చి. ఒక్కోదానికి వారం ముందు బరువు, నాడి చూపించుకోవాలి. బతుకమ్మ సున్నా దాటింది, సద్దుల రోజు పెరుగు సద్ది రెండు ముద్దలు తిన్నది, నువ్వుల సద్ది ముట్టలేదు. తర్వాతి సున్నా సంక్రాంతి.