ఇసుక పెట్టె కిట్: అద్దాలు బాగున్నాయి, అడుగు సంగతి చూసుకోండి

ఇసుక పొరలను లాగి, నొక్కి, భూమిలో ఫాల్టులు (రాయి విరిగి, రెండు పక్కలు జరిగిన పగుళ్లు) ఎలా పుడతాయో చూడటానికి జియాలజీ ప్రాక్టికల్స్ కోసం అమ్ముతున్న ఈ కిట్‌లో 60 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు ఉన్న అక్రిలిక్ పెట్టె, స్క్రూ తిప్పితే జరిగే ఒక గోడ, 5 కిలోల ఇసుక, రంగు పొడులు, అర కిలో సిలికోన్ పుట్టీ, అడుగున పరవడానికి ఒక రబ్బరు షీటు, రెండు పల్చటి ప్లాస్టిక్ షీట్లు వస్తాయి. డబ్బా మీద ‘శిలావరణం నమూనా’ అని రాశారు గానీ, అది కాస్త ఎక్కువ మాటే. శిలావరణం అంటే భూపటలం, దాని కింది గట్టి రాతి భాగం కలిసిన పెంకు; దాని మందం సుమారు 100 కిలోమీటర్లు. ఈ పెట్టెలో 1 సెంటీమీటరును 1 కిలోమీటరుగా లెక్కేస్తే, చూడగలిగేది భూపటలంలో పెళుసుగా విరిగే పై నాలుగైదు కిలోమీటర్లే. ఆ మేరకు మాత్రం ఇది నిజంగా పనికొచ్చే వస్తువు.

రాయికి బదులు ఇసుకేమిటన్న అనుమానం వస్తుంది. కొలతలు లక్షో వంతుకు తగ్గించినప్పుడు పదార్థం బలం కూడా దాదాపు అంతే తగ్గాలి; ఇసుక రాయికన్నా తేలిక కాబట్టి ఇంకాస్త ఎక్కువే. 20 మెగాపాస్కల్ అతుకుబలం ఉన్న రాయికి పెట్టెలో సాటి రావాలంటే సుమారు 100 పాస్కల్ చాలు. పొడి ఇసుక ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఈ స్కేలు లెక్కను అమెరికన్ జియాలజిస్టు హబ్బర్ట్ 1937లోనే తేల్చాడు. 1951లో ఇలాంటి పెట్టెలోనే మధ్య గోడను జరిపి, ఒకవైపు సాగదీత వల్ల నార్మల్ ఫాల్టు (పైనున్న దిమ్మె కిందికి జారేది), రెండోవైపు నొక్కుడు వల్ల థ్రస్టు (పైనున్న దిమ్మె ఎగబాకేది) ఒకేసారి వచ్చేలా చేశాడు.

అసలు లోపం ఇసుక పరిమాణంలో ఉంది. 4 సెంటీమీటర్ల మందంతో పెట్టె నిండాలంటే దాదాపు 7.7 కిలోలు కావాలి. ఇచ్చిన 5 కిలోలతో 2.6 సెంటీమీటర్లు దాటదు. మిగతాది కొనుక్కోవాలి. ఏటి ఇసుక అయితే కడిగి, ఆరబెట్టి, అర మిల్లీమీటరు కన్నా సన్నటిది జల్లెడ పట్టుకోవాలి. మట్టి, అభ్రకం మిగిలితే ఫాల్టులు మసగ్గా వస్తాయి. వానాకాలంలో గాలి తేమ పట్టినా చాలు, ఇసుక జారడం మానేసి నిట్టనిలువుగా చీలుతుంది. 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి చల్లార్చి వాడండి.

ఇసుకను కుమ్మరించకూడదు. జల్లెడతో ఒకే ఎత్తు నుంచి చల్లుతూ, 5 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, పట్టీతో చదును చేయాలి, అదమకూడదు. పొరల మధ్య గీతల కోసం ఇచ్చిన రంగు పొడి అయిపోతే రాతి ముగ్గు సరిపోతుంది. గీత మందం 1 మిల్లీమీటరు దాటితే ఆ పొడి అతుకుబలమే ఫాల్టు దారి మారుస్తుంది. బియ్యప్పిండి జోలికి పోవద్దు, చీమలకు విందవుతుంది.

ఇక అడుగు. ఫాల్టు ఎక్కడ పుట్టాలో తేల్చేది ఇదే. కిట్‌తో వచ్చిన పుస్తకం రబ్బరు షీటు వేయమంటుంది. సాగదీత అంతటా సమంగా వస్తుందని వాళ్ల ఉద్దేశం. కానీ రబ్బరు పొడవునా 20 శాతం సాగితే అడ్డంగా 9 శాతం దాకా కుంచించుకుపోతుంది. అంచులు గోడను వదిలేస్తాయి, ఆ సందులోకి ఇసుక జారుతుంది, ఫాల్టులు వంకర్లు తిరుగుతాయి. దాన్ని పక్కన పెట్టి ప్లాస్టిక్ షీట్లు వాడండి: ఒకటి అడుగుకు అతికించి, రెండోది జరిగే గోడకు తగిలించి, అంచులు మధ్యలో ఒకదానిపై ఒకటి పడేలా పరవాలి. స్క్రూ ఒక చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. అర చుట్టు తిప్పి, ఆగి, టార్చిని ఏటవాలుగా వేసి పైభాగం చూడండి. నాలుగైదు మిల్లీమీటర్లకే రెండు గీతలు తేలి, మధ్య పట్టీ కుంగడం మొదలవుతుంది.

సరిగ్గా చేశారో లేదో లెక్కతో సరిచూసుకోవచ్చు. ఇసుక అంతర్గత ఘర్షణ కోణం (రేణువుల మధ్య రాపిడికి కొలత) 30 డిగ్రీలైతే నార్మల్ ఫాల్టు 60 డిగ్రీల వాలుతో రావాలి. అంటే 4 సెంటీమీటర్ల మందానికి గ్రాబెన్ (రెండు ఫాల్టుల మధ్య కుంగిన పట్టీ) వెడల్పు మొదట్లో దాదాపు 4.6 సెంటీమీటర్లు. దానికి చాలా దూరంగా ఉంటే పొరలు వేయడంలోనే తేడా జరిగిందన్నమాట. అద్దం పక్కన కనిపించేదాన్ని నమ్మకండి, గోడ రాపిడికి అక్కడ ఫాల్టు వంగుతుంది. పైగా అక్రిలిక్ స్థిరవిద్యుత్తుతో రేణువుల్ని అంటించుకుంటుంది. నీళ్లు సన్నగా చిలకరించి, తడి అడుగుదాకా ఇంకాక, మధ్యలో నిలువుగా కోసి చూడాలి.

ఇలా కుంగిన పట్టీకి పుస్తకంలో ఉదాహరణ తూర్పు ఆఫ్రికా పగులు లోయ. మనకు అంతకన్నా దగ్గరది ప్రాణహిత–గోదావరి లోయ. సింగరేణి బొగ్గు ఆ కుంగిన పట్టీలో పేరుకున్న గోండ్వానా అనే పాత అవక్షేప పొరల్లోదే.

పుట్టీ కింది భూపటలానికి నమూనా. సుమారు 300 డిగ్రీల వేడిలో క్వార్ట్జ్ అనే ఖనిజం విరగడం మాని సాగడం మొదలెడుతుంది కదా, ఆ పాత్ర దీనిది. ఇచ్చిన అర కిలో పెట్టె అంతటికీ చాలదు, మధ్యలో 25 సెంటీమీటర్ల మేర 1 సెంటీమీటరు మందంగా పరవొచ్చు. బుడగలు పోవడానికి రాత్రంతా వదిలి, తర్వాతే ఇసుక వేయాలి. ఇక్కడ వేగం ముఖ్యం, గంటకు 1–2 సెంటీమీటర్లు మించకూడదు. అంతకన్నా వేగంగా లాగితే పుట్టీ గట్టిపడినట్టు ప్రవర్తిస్తుంది. ఉత్త ఇసుకకు వేగంతో పని లేదు. ప్రయోగం అయ్యాక పెట్టెను అలాగే వదిలేయకండి. పుట్టీ ఇసుకకన్నా తేలిక కాబట్టి, గ్రాబెన్ కింద ఇసుక పలచబడ్డ చోట భూమిలోని ఉప్పు పొర గోపురంలా లేచినట్టే పైకి ఉబుకుతుంది.

సాగదీశాక గోడను వెనక్కి నొక్కి చూడమన్న పాఠం మంచిదే, వివరణ మాత్రం సగమే. పొడి ఇసుకలో 60 డిగ్రీల పాత ఫాల్టులు దాదాపు కదలవు, 30 డిగ్రీల కొత్త థ్రస్టులు పుడతాయి. నిజం భూమిలో పాత ఫాల్టులు మళ్లీ కదలగలవు: పగుళ్లలో నీటి ఒత్తిడి, నలిగిన మెత్తటి బంకమన్ను, ఏటవాలు నొక్కుడు అందుకు తోడ్పడతాయి. ఇవేవీ ఈ పెట్టెలో లేవు. గోదావరి పట్టీలో 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపాలను దీంతో వివరించబోతే తప్పు దారి పడతారు. అడుగు కదలని బల్ల కాబట్టి లోయ అంచులు పైకి లేవడం కూడా కనిపించదు.

మోటారు ఉన్న రకం పుట్టీ ప్రయోగాలకే అవసరం. ఉత్త ఇసుక చాలనుకుంటే చేతి స్క్రూది తీసుకుని, మిగిలిన డబ్బు ఇంకో 5 కిలోల ఇసుకకు పెట్టండి.