ఊరికే వచ్చే కోపానికి ‘ఫుల్ బాడీ చెకప్’: ఇంటికొచ్చి రక్తం తీసే ప్యాకేజీ ఎంతవరకు పనికొస్తుంది?

భీమవరం, తణుకు, అమలాపురం... ఎక్కడి ల్యాబుకి ఫోన్ చేసినా తెల్లారేసరికి మనిషి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తున్నాడు. నెమ్మదైన మనిషి ఉన్నట్టుండి చీటికీమాటికీ కస్సుమంటుంటే ఇంట్లోవాళ్లు ముందుగా బుక్ చేస్తున్నది ఈ ప్యాకేజీనే. ఆలోచన మంచిదే. చాలా ఇళ్లలో ఆ మాత్రం అనుమానం రావడానికే ఏళ్లు పడుతోంది. అయితే కోపానికి కారణం వెతకడం వరకే చూస్తే దీనికి అయిదుకి మూడు మార్కులు వేస్తాం. అదీ శాంపిల్ సరిగ్గా తీస్తేనే.

కరపత్రం మీద ‘70 పరీక్షలు’ అని చూసి కొనకండి. సీబీపీ (రక్తకణాల లెక్క) ఒక్కటే చేసి అందులోని ప్రతి అంకెనూ విడిగా లెక్కేస్తారు. మూత్ర పరీక్షా అంతే. మన పనికి కావలసినవి థైరాయిడ్, షుగరు, బి12, సోడియం, కాల్షియం, లివరు, కిడ్నీ. పెద్దవాళ్లకైతే మూత్రం కూడా. చవక ప్యాకేజీల్లో తరచూ ఉండనివి బి12, ఎలక్ట్రోలైట్స్ (సోడియం, పొటాషియం లాంటి లవణాలు). ఫోన్‌లోనే ఆ రెండూ పేరుపెట్టి అడగండి, లేకపోతే విడిగా కలిపించుకోండి.

థైరాయిడ్ విషయంలో ప్యాకేజీ బాగానే పనిచేస్తుంది. థైరాయిడ్ గ్రంథిని నడిపించే టీఎస్‌హెచ్ హార్మోన్ బాగా తగ్గి, అది వదిలే టీ3, టీ4 పెరిగితే ఆ గ్రంథి అతిగా పనిచేస్తోందని అర్థం. చిరాకుతో పాటు గుండె దడ, తింటున్నా బరువు తగ్గడం, ధనుర్మాసం చలిలోనూ ఫ్యాను కావాలనడం ఉంటాయి. చేతులు చాపించి వేళ్ల మీద కాగితం పెడితే దాని అంచు సన్నగా వణకడం కనిపిస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. జుట్టు ఊడకుండా వేసుకునే మాత్రల్లో తరచూ బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో ఉంటుంది. కొన్ని మిషన్లలో అది టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ3, టీ4లను ఎక్కువగా చూపిస్తుంది. అంటే లేని జబ్బు రిపోర్టులో కనిపిస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆ మాత్ర ఆపాలి. థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) వాడేవాళ్లు రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర వేసుకోవాలి.

ఏళ్ల తరబడి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ గానీ, గ్యాస్ మాత్రలు గానీ వాడేవాళ్లకు బి12 పడిపోవచ్చు. చిరాకు, మతిమరుపు, అరికాళ్ల తిమ్మిరి కలిసి ఉంటే గట్టిగా అనుమానించాలి. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉన్నా లక్షణాలుంటే డాక్టరుకు చూపించాలి. నీరసమని ముందే బి12 సూది వేయించుకుని తర్వాత పరీక్షకు వెళ్తే ఆ అంకెకు విలువ లేదు.

ఇక షుగరు. ప్యాకేజీ బాగా తేలిపోయేది ఇక్కడే. రక్తం గొట్టంలోకి వచ్చాక కూడా అందులోని కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం. ఎండల్లో ఇంకా ఎక్కువ. అందుకే షుగరుకు దాన్ని అడ్డుకునే ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టం వాడతారు. సఖినేటిపల్లిలో తీసిన రక్తం పంటు (బల్లకట్టు) మీద గోదావరి దాటి నరసాపురం మీదుగా భీమవరం చేరాలంటే మామూలు గొట్టంలో 100 ఉన్నది 85 దగ్గరకు దిగిపోవచ్చు. వచ్చినవాడి పెట్టెలో ఐస్‌ప్యాక్ ఉందో లేదో చూడండి. గొట్టం ఐసుకు నేరుగా తగలకూడదు, ఎర్రకణాలు పగిలి పొటాషియం ఎక్కువగా కనిపిస్తుంది. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటకూడదు. పసుపు మూత గొట్టం ముందు, ఊదా మూతది తర్వాత, బూడిదరంగుది చివర నిండాలి. ఊదా గొట్టంలోని మందు పసుపు దాంట్లో పడితే కాల్షియం తప్పుగా తగ్గిపోతుంది.

ఇంత జాగ్రత్తగా తీసినా అది పరగడుపు షుగరే. షుగరుకు గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడేవాళ్లకు భోజనం ఆలస్యమైనప్పుడు, కార్తీక సోమవారం ఉపవాసమున్నప్పుడు షుగరు పడిపోయి కోపం వస్తుంది. ఒళ్లంతా చెమట, చెయ్యి వణుకు, అన్నం పెడతామన్నా గద్దింపు. ఆ నిమిషాన గ్లూకోమీటర్‌తో చూస్తేనే దొరుకుతుంది. వేలు కడిగి తుడిచాకే గుచ్చండి, మామిడిపండు రసం అంటుకుని ఉంటే అంకె పెరిగిపోతుంది. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంటకు మళ్లీ చూడండి. పూతరేకు పెట్టకండి, నెయ్యి వల్ల తీపి ఆలస్యంగా రక్తంలోకి ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

పెద్దవాళ్లలో సోడియం 135 కంటే తగ్గినా చిరాకు, తికమక వస్తాయి. బీపీ మాత్ర పేరు చివర హెచ్ గానీ సీటీ గానీ ఉంటే అందులో చాలావరకు నీరు పోయే మందు కలిసి ఉంటుంది. ఆ మాత్రల అట్ట డాక్టరుకు చూపించండి, సొంతంగా ఆపకండి, ఉప్పు పెంచకండి.

ఏ ప్యాకేజీకీ దొరకనివి కొన్నున్నాయి. మూర్ఛకు వాడే లెవెటిరాసిటామ్, ఆయాసానికి వాడే ప్రెడ్నిసొలోన్, మాంటెలుకాస్ట్ కోపం తెప్పించగలవు. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లకు స్లీప్ స్టడీ కావాలి. యాభై దాటాక మొహమాటం, జాలి పోయి మనిషి స్వభావమే మారిపోతే న్యూరాలజిస్టు చూడాలి. తలకు దెబ్బ తగిలాక, జ్వరంతో, మాట తడబడుతూ హఠాత్తుగా వచ్చిన కోపానికి ల్యాబు మనిషి కోసం ఎదురుచూడొద్దు. అదే రోజు కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

బుక్ చేసేముందు రక్తం ఏ ల్యాబులో పరీక్షిస్తారో అడగండి, బోర్డు ఉన్నచోట తరచుగా శాంపిల్ తీసుకోవడం వరకే జరుగుతుంది. ఆ ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను చూసే బోర్డు) గుర్తింపు మీకు కావలసిన పరీక్షలకే ఉందో లేదో కనుక్కోండి. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినా కోపం తగ్గకపోతే దిగులు జబ్బు (డిప్రెషన్) కావచ్చు, అదీ ఇలాగే బయటపడుతుంది, మగవాళ్లలో మరీనూ. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఏ వేళైనా చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.