వెంటస్ బ్లూ, డైనమిక్ గోల్డ్, 950జీహెచ్: విశాఖ గాలిలో ఏళ్ల తరబడి వాడిన మూడు షాఫ్టులు

గోల్ఫ్ షాఫ్టు (చేత పట్టే గ్రిప్పును, బంతిని కొట్టే హెడ్‌ను కలిపే కడ్డీ) మీద అందరూ ముందుగా వెతికేది బిగువును తెలిపే ఆర్, ఎస్, ఎక్స్ అనే అక్షరం; ఈ వరుసలో బిగువు పెరుగుతుంది. నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, బంతి గమనాన్ని మార్చడంలో షాఫ్టు బరువుకు, పొడవుకు, హెడ్ వైపు కొస దగ్గరి గట్టిదనానికి ఉన్న పాత్రలో ఆ అక్షరానికి ఉన్నది చిన్న వాటా మాత్రమే. దానికి తయారీదారులందరూ పాటించే ఉమ్మడి ప్రమాణమేదీ లేదు. ఒకరు ఎస్ అని ముద్రించినది మరొకరి ఆర్‌కు దగ్గరగా ఉండవచ్చు. నేను ఎక్కువగా ఆడేది విశాఖపట్నంలో 1884 నుంచి ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో. సముద్రం పక్కనే కనుక బంతి ఎంత ఎత్తుకు, ఎంత స్పిన్‌తో లేస్తుందన్నది ఇక్కడ నేరుగా స్కోరులో కనిపిస్తుంది. ఎక్కువ దూరం కొట్టడానికి వాడే అతి పొడవైన క్లబ్ అయిన డ్రైవర్‌తో నా స్వింగ్ వేగం గంటకు 95 మైళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. కింద రాసినదంతా ఆ వేగంతో ఆడేవారికే సరిగ్గా వర్తిస్తుంది.

డ్రైవర్‌తో పాటు వచ్చిన షాఫ్టు 50 గ్రాముల తరగతికి చెందిన ఆర్ రకం, మెలికను చెప్పే టార్క్ అంకె అయిదు డిగ్రీలకు పైన. దాని స్థానంలో ఫుజికురా సంస్థ 2019లో విడుదల చేసిన వెంటస్ బ్లూలో 60 గ్రాముల తరగతి ఎస్ రకాన్ని బిగించాను. హెడ్ మారలేదు, బంతిని తాకే ముఖమైన ఫేస్ వెనక్కి వాలి ఉండే కోణం, అంటే 10.5 డిగ్రీల లాఫ్ట్, మారలేదు. బంతి గమనాన్ని కొలిచే పరికరమైన లాంచ్ మానిటర్ మీద బంతి లేచే కోణం సుమారు ఒక డిగ్రీ తగ్గింది, స్పిన్ నిమిషానికి కొన్ని వందల చుట్లు తగ్గింది. గాలి లేని రోజున ఈ తేడా దూరంలో పెద్దగా తెలియదు. ఎదురుగాలిలో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది: పాత షాఫ్టుతో సగం దారిలో పైకి ఎగబాకి అక్కడే ఆగినట్టై నిట్టనిలువుగా దిగిపోయే బంతి, ఇప్పుడు చదునుగా సాగి, నేలను తాకాక మరికొంత దూరం దొర్లుతుంది.

ఈ మార్పు ఎలా వచ్చిందో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దుకాణాల్లో వినిపించే వివరణ చాలావరకు తప్పు. వడిసెల రాయిని విసిరినట్టు షాఫ్టు బంతిని విసురుతుందని చాలామంది నమ్ముతారు. కానీ హెడ్ బంతిని తాకి ఉండేది సుమారు అర మిల్లీసెకను కాలం మాత్రమే, ఆ వ్యవధిలో షాఫ్టు చేయగలిగినది దాదాపు ఏమీ లేదు. దాని పని అంతకు ముందే, హెడ్‌ను బంతి దగ్గరకు ఏ స్థితిలో చేర్చాలన్న దానిలోనే, ముగిసిపోతుంది. డౌన్‌స్వింగ్ (క్లబ్ బంతి వైపు కిందికి వచ్చే దశ) మొదట్లో వెనక్కి వంగిన షాఫ్టు, బంతి దగ్గరకు వచ్చేసరికి ముందుకు వంగి ఉంటుంది. హెడ్ గరిమనాభి షాఫ్టు అక్షానికి వెనుకగా, పక్కగా ఉండడం, వేగంగా తిరుగుతున్నప్పుడు అది చేతుల నుంచి సాగే గీతలోకి రావడానికి ప్రయత్నించడం ఇందుకు ముఖ్య కారణం. ఆ ముందు వంపు వల్ల ఫేస్ కొంచెం ఆకాశం వైపు తిరుగుతుంది, కొంచెం మూసుకుంటుంది కూడా. కొస మెత్తగా ఉంటే ఈ రెండూ పెరుగుతాయి కనుక బంతి ఎత్తుగా లేచి, కుడిచేతి ఆటగాడికి ఎడమ వైపుకు మొగ్గుతుంది. కొస గట్టిగా ఉంటే అవి తగ్గుతాయి. ఇది నిజమైన ప్రభావమే కానీ, నా స్థాయి వేగం దగ్గర దాని పరిమాణం ఒకటి రెండు డిగ్రీలను మించదు.

మిగిలిన మార్పు బరువు నుంచి వచ్చింది. ఫేస్ మీద పాదాలకు చల్లుకునే పొడి స్ప్రే కొట్టి ఆడితే బంతి తాకిన చోటు తెల్లటి పొరలో అచ్చు పడుతుంది. తేలికపాటి షాఫ్టుతో ఆ అచ్చులు ఫేస్ అంతటా చెదిరి ఉండేవి, చాలావరకు మధ్యకు దిగువన. 60 గ్రాముల షాఫ్టుతో అవి మధ్యకు, మధ్యకు కొంచెం పైకి చేరాయి. డ్రైవర్ ఫేస్ మీద దిగువన తాకిన బంతికి స్పిన్ పెరుగుతుంది, ఎగువన తాకినదానికి తగ్గుతుంది. అంటే తక్కువ స్పిన్ అన్న ఘనతలో చాలా భాగం దక్కవలసింది షాఫ్టు లోపలి కార్బన్ పొరల అమరికకు కాదు, క్లబ్ గమనాన్ని నా చేతులకు తెలియజేసిన ఆ అదనపు గ్రాములకు. తోటి ఆటగాడి దగ్గర ఇదే షాఫ్టు, ఇదే బరువు తరగతిలో, ఆర్ రకం ఉంటే దాన్ని తీసుకుని నా హెడ్‌కు బిగించి చూశాను. లేచే కోణంలో కనిపించిన తేడా నా షాట్ల మధ్య మామూలుగా ఉండే తేడా కంటే తక్కువ. ఇంకా గట్టి కొస ఉన్న వెంటస్ బ్లాక్ నాకు పనికిరాలేదు; బంతి తక్కువ ఎత్తులో కుడివైపుకు పోయి ముందే నేలను తాకింది.

కొత్త షాఫ్టును బిగించేటప్పుడు డ్రైవర్ పొడవును 45.5 అంగుళాల నుంచి 45కు తగ్గించాను. అర అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువుగా తోస్తుందో తెలిపే కొలత) సుమారు మూడు పాయింట్లు పడిపోతుంది, హెడ్ మీద రెండు గ్రాములకు ఒక పాయింటు చొప్పున తిరిగి వస్తుంది. బరువైన షాఫ్టు వల్ల ఒక పాయింటు దానంతటదే వచ్చింది, మిగిలినదానికి నాలుగు గ్రాముల సీసపు టేపు అంటించాను. అర అంగుళం పొడవు ఇచ్చే వేగం కంటే ఫేస్ మధ్యలో బంతిని తాకించడమే నాకు ఎక్కువ దూరాన్ని ఇచ్చింది. పొడవాటి డ్రైవర్లను అమ్మేవారు ఈ మాట చెప్పరు.

ఐరన్ల (నంబరు పెరిగే కొద్దీ తక్కువ దూరం కొట్టే లోహపు క్లబ్బుల) విషయంలో అనుభవం మరో దిశలో సాగింది. మొదట వాడినవి ట్రూ టెంపర్ సంస్థ స్టీలు షాఫ్టులైన డైనమిక్ గోల్డ్ ఎస్300, ఒక్కొక్కటి 130 గ్రాములు. ఇందులోని ఎస్200, ఎస్300, ఎస్400ల మధ్య ఉన్నది బరువు తేడాయే తప్ప బిగువు తేడా కాదన్నది చాలామంది గమనించని సంగతి. గట్టి కొస కారణంగా ఎదురుగాలిలో దీని బంతి చక్కగా కిందుగా సాగుతుంది, మొదటి తొమ్మిది రంధ్రాల వరకు దానికి సాటి లేదు. విశాఖ ఉక్కపోతలో చివరి రంధ్రాలకు వచ్చేసరికి మాత్రం అదే బరువు భారమై, అయిదో నంబరు, ఆరో నంబరు ఐరన్లతో బంతి ఫేస్ అడుగున తగలడం మొదలవుతుంది. అప్పుడు దాని గమనం కిందుగా కాదు, బలహీనంగా ఉంటుంది. తరువాత మారిన నిప్పాన్ ఎన్.ఎస్. ప్రో 950జీహెచ్ ఎస్ రకం 98 గ్రాములే. బంతి ఎత్తుగా లేచి, గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) మీద నిటారుగా దిగి, త్వరగా ఆగుతుంది. పొడవాటి ఐరన్లకు ఈ ఎత్తు వరమే. ఎదురుగాలి ఉంటే ఒక నంబరు తక్కువ ఉన్న, అంటే ఇంకాస్త దూరం కొట్టే క్లబ్ తీసుకుని ముప్పావు స్వింగ్‌తో సరిపెట్టుకోవాలి. దగ్గరి షాట్లకు వాడే వెడ్జ్‌లలో మాత్రం డైనమిక్ గోల్డ్ ఎస్200నే ఉంచుకున్నాను. పూర్తి స్వింగ్ అవసరం లేని ఆ షాట్లలో బరువు అలసట తేదు, బంతి కిందుగా, స్పిన్‌తో వెళ్తుంది.

మన్నిక గురించి కొద్దిగా. స్టీలు షాఫ్టుల మీద క్రోమియం పూత లేచిన చోటల్లా ఉప్పుగాలికి తుప్పు చుక్కలు వచ్చాయి, గ్రిప్పులు మార్చిన ప్రతిసారీ వాటి కింద కూడా కనిపించాయి. ఆడిన వెంటనే పొడి గుడ్డతో తుడవడం తప్పనిసరి. డ్రైవర్‌కున్న గ్రాఫైట్ (కార్బన్) షాఫ్టుకు సంచి అంచు రాసుకుని రంగు పోయిందంతే. వాడగా వాడగా గ్రాఫైట్ మెత్తబడుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ, నా లాంచ్ మానిటర్ అంకెల్లో దాని జాడ లేదు.

వెంటస్ బ్లూ విడుదలైనప్పుడు అమెరికాలో 350 డాలర్ల వరకు ఉండేది, మన దేశానికి వచ్చేసరికి సుంకాలు కలుస్తాయి. కొనేవారు షాఫ్టు మీద వెలోకోర్ (దాని లోపలి నిర్మాణానికి ఫుజికురా పెట్టిన పేరు) అన్న ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని డ్రైవర్లతో పాటు మామూలుగా వచ్చే వెంటస్ షాఫ్టులు అదే రంగులో ఉన్నా వాటి లోపలి నిర్మాణం వేరు. మీ డ్రైవర్‌లో ఇప్పటికే 60 గ్రాముల షాఫ్టు ఉండి, బంతి ఫేస్ మధ్యలోనే తగులుతుంటే, ఈ ఖర్చు పెట్టే ముందు హెడ్ లాఫ్ట్‌ను ఒక డిగ్రీ తగ్గించి చూడండి. అందుకు కావలసింది డ్రైవర్‌తో పాటు ఇచ్చిన రెంచ్ మాత్రమే.