ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్‌కి మారాక మెసేజ్‌ల సంగతి, బాగా వాడాకే రాస్తున్నా

ఉండేది డాలస్‌లో, ఇంట్లో మిగతా అందరివీ ఐఫోన్లే. నేనొక్కడినే 2024 సమ్మర్‌లో గూగుల్ వాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్ పిక్సెల్‌కి మారా. కెమెరా, బ్యాటరీ గురించి ఇప్పటికే బోలెడు రివ్యూలున్నాయి, వాటి జోలికి పోను, ఫోన్ మీద నాకు కంప్లైంట్ కూడా లేదు. మెసేజ్‌ల గురించే చెప్తా, మారే ముందు దీని గురించి సరిగ్గా చెప్పేవాళ్లు దొరకలేదు.

తంటా అంతా అవతలివాళ్ల ఫోన్లలో ఉంటుంది. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి పోయేది ఐమెసేజ్, అది నెట్ మీద యాపిల్ సర్వర్ల ద్వారా పోతుంది. మన నంబర్ అక్కడ రిజిస్టర్ అయి ఉన్నంతసేపు అవతలి ఐఫోన్ ఐమెసేజే పంపుతుంది, మన సిమ్ ఆండ్రాయిడ్‌లో ఉన్నా సరే. ఐమెసేజ్ అయితే నీలం బుడగలో, మామూలు మెసేజ్ అయితే పచ్చ బుడగలో చూపిస్తుంది ఐఫోన్, పంపినవాళ్లకి నీలం బుడగ కనబడుతుంది కాబట్టి వెళ్లిపోయిందనుకుంటారు. ఇక్కడ మనకేమో బ్యాంక్ ఓటీపీలు, డెంటిస్ట్ రిమైండర్లు టంచనుగా వస్తుంటాయి, అవన్నీ మామూలు ఎస్సెమ్మెస్‌లు కదా, దాంతో అంతా బానే ఉందనుకుంటాం. రాని మెసేజ్ రాలేదని మనకెలా తెలుస్తుంది చెప్పండి.

అందుకే సిమ్ తియ్యకముందే పాత ఫోన్ సెట్టింగ్స్‌లో ఐమెసేజ్, ఫేస్‌టైమ్ రెండూ ఆఫ్ చేసెయ్యండి. పాత ఫోన్ అప్పటికే అమ్మేసుంటే యాపిల్ సైట్‌లో ఐమెసేజ్ డీరిజిస్టర్ పేజీ ఉంది, నంబర్ కొడితే ఎస్సెమ్మెస్‌లో కోడ్ వస్తుంది, అది ఎంటర్ చేస్తే సరి. 2014 నవంబర్ నుంచీ ఉన్న పేజీ అది, మా క్యారియర్ (ఫోన్ నెట్‌వర్క్ కంపెనీ) స్టోర్‌లో కుర్రాడు మాత్రం దాని పేరే విన్లేదు, సిమ్ మార్చి చేతిలో పెట్టి పంపించేశాడు.

నేను అన్నీ ఆఫ్ చేసే మారా, అయినా స్కూల్ కార్‌పూల్ గ్రూప్ దగ్గర ఇరుక్కున్నా. ఐమెసేజ్‌కి నంబరే కాదు, ఈమెయిల్ కూడా అడ్రస్సే. మా గ్రూప్‌లో ఒకావిడ కాంటాక్ట్స్‌లో నా ఈమెయిల్ కూడా సేవ్ అయి ఉంది, ఆవిడ థ్రెడ్ దానికే ముడిపడి ఉంది. పిల్లల ఐప్యాడ్‌లోనేమో ఇంకా నా యాపిల్ ఐడీయే. ఒక మధ్యాహ్నం నా ఫోన్ టేబుల్ మీద ఉలుకూ పలుకూ లేకుండా పడుంది, సోఫాలో ఐప్యాడ్ మాత్రం టింగు టింగుమంటోంది, ఏంటా అని చూస్తే ఇవాళ పికప్ ఎవరిది అని వరసగా మెసేజ్‌లు, వంతు మాదే! ఐప్యాడ్‌లోంచి నా ఐడీ తీసేసి, ఆవిణ్ణి పాత థ్రెడ్ డిలీట్ చేసి నా నంబర్‌కి కొత్తగా మొదలుపెట్టమన్నా. గ్రూప్ కూడా మళ్లీ కొత్తగా చేసుకోవాల్సొచ్చింది, ఒకాయన అయితే నీవల్ల మా అందరి బుడగలూ పచ్చబడ్డాయి అని ఇప్పటికీ దెప్పుతుంటాడు.

వాట్సాప్ మాత్రం అనుకున్నంత ఇబ్బంది పెట్టలేదు. ఐక్లౌడ్ బ్యాకప్ ఆండ్రాయిడ్‌లో రీస్టోర్ అవ్వదు, ఇది గుర్తుపెట్టుకోండి. 2024లో నేను మారినప్పుడైతే పాత ఐఫోన్‌కీ కొత్త ఫోన్‌కీ మధ్య లైట్నింగ్ టు సీ కేబుల్ పెట్టి, మొదటి సెటప్‌లోనే చాట్స్ లాగాల్సొచ్చింది, సెటప్ అయిపోయాక గుర్తొస్తే అప్పట్లో ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యాల్సిందే. నాకు కాల్ హిస్టరీ తప్ప అన్నీ వచ్చాయి, గుంటూరు నుంచి అమ్మ పంపిన గుడ్ మార్నింగ్ పువ్వులు కూడా ఒక్కటి పోకుండా. 2022లో ఒకతను మా అమ్మకి వీడియోలు సరిగ్గా పోవట్లేదంటే అప్పుడు యాపిల్ సీఈఓగా ఉన్న టిమ్ కుక్ మీ అమ్మకి ఐఫోన్ కొనిపెట్టమన్నాడు గుర్తుందా, మా అమ్మ దగ్గర ఆ మాటంటే వాట్సాప్ ఉండగా అదెందుకురా డబ్బు దండగ అంటుంది.

మారిన కొత్తల్లో ఐఫోన్ వాళ్లు పంపే వీడియోలు ఎమ్మెమ్మెస్‌లో (ఫొటోలూ వీడియోలూ పంపే పాత పద్ధతి) నలిగి వచ్చేవి, పిల్లల సాకర్ గేమ్‌లో మన పిల్లాడెవడో పోల్చుకోలేం. 2024 సెప్టెంబర్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18తో ఆర్‌సీఎస్ (ఎస్సెమ్మెస్, ఎమ్మెమ్మెస్‌ల బదులు వాడే కొత్తరకం మెసేజింగ్) వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది, ఫొటోలు క్లియర్, టైప్ చేస్తున్నట్టు తెలుస్తుంది, చదివారో లేదో తెలుస్తుంది. బుడగ రంగు మాత్రం పచ్చే. పైగా క్యారియర్ సపోర్ట్ ఉండాలి, అవతలివాళ్లు ఫోన్ అప్‌డేట్ చేసుండాలి, మా బావగారు అప్‌డేట్ అంటేనే ఆమడ దూరం కాబట్టి ఆయన పంపే వీడియోలు ఇప్పటికీ మసకే.

ఇంకోటి, ఐఓఎస్ 18తో వచ్చినప్పుడు ఐఫోన్‌కి ఆండ్రాయిడ్‌కి మధ్య ఆర్‌సీఎస్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని రక్షణ లేదన్నమాట. 2025 మార్చిలో మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎమ్ఏ దాన్ని స్టాండర్డ్‌లో చేర్చింది, యాపిల్ కూడా ఇస్తామంది. అందరి ఫోన్లలోకీ అది వచ్చేదాకా అకౌంట్ నంబర్లూ సోషల్ సెక్యూరిటీ నంబర్లూ టెక్స్ట్‌లో పంపను, మనవాళ్లకైతే వాట్సాప్‌లో, వాట్సాప్ లేనివాళ్లకి కాల్ చేసి చెప్పేస్తున్నా.