సెక్షనల్ టైములు, స్పీడ్ ఫిగర్లు: బెంగళూరు రేసుల్లో చాన్నాళ్ళు వాడాక

రేసు పుస్తకంలో గుర్రం పాత టైము చూసి 'ఇది ఫాస్టు' అని తేల్చేసేవాళ్ళు బెంగళూరు స్టాండులో ఇప్పటికీ ఎక్కువే. నేను స్పీడ్ ఫిగర్లు (టైమును బట్టి గుర్రానికి ఇచ్చే అంకె), సెక్షనల్స్ (రేసులో ఒక్కో భాగానికి, ముఖ్యంగా ఆఖరి 400 మీటర్లకు, పట్టిన టైము) రెండూ ఎక్సెల్ షీటులో రాసుకోవడం మొదలుపెట్టి చాలా సీజన్లయింది. హిందూపురం నుంచి వచ్చే మా రేసు స్నేహితుడు ఆ షీటు చూసినప్పుడల్లా "ఏమన్నా, మళ్ళీ పరీక్షలకు చదువుతున్నావా?" అంటాడు. నవ్వుతాడు గానీ, నాలుగో రేసు దగ్గరికొచ్చేసరికి మెల్లగా పక్కన చేరతాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన రేసుల్లో స్పీడ్ ఫిగర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే దెబ్బతింటారు. సెక్షనల్ తోడుంటేనే దానికి అర్థం. ఆ రెండూ కలిసినా గెలిచిన గుర్రం గురించి కొత్తగా చెప్పేది తక్కువే. ఓడిన గుర్రాల్లో దేన్ని గుర్తుపెట్టుకోవాలో చెప్పడంలోనే వాటి ఉపయోగమంతా ఉంది.

స్పీడ్ ఫిగర్‌ను అమెరికాలో జనంలోకి తెచ్చింది ఆండ్రూ బేయర్ అనే పత్రికా రచయిత, 1970లలో. ప్రతి దూరానికీ, ప్రతి క్లాసుకూ ఒక మామూలు టైము ఉంటుంది. ఆ రోజు రేసులన్నీ దానికి ఎంత అటూఇటూగా ముగిశాయో చూసి, ట్రాక్ వల్ల వచ్చిన తేడా తీసేసి, గుర్రానికి ఒక అంకె ఇస్తారు. అక్కడ ఎక్కువగా డర్ట్ (మట్టి ట్రాక్) మీద రేసులు, గేటు తెరిచింది మొదలు దౌడే. మనది పచ్చిక. 1400 మీటర్లు, అంతకు మించిన రేసుల్లో చాలాసార్లు జాకీలు ముందు బిగబట్టి, ఆఖరి మలుపు తిరిగాకే వదులుతారు. అలాంటి రేసులో మొత్తం టైము గుర్రం సత్తా చెప్పదు, జాకీల ఓపిక చెబుతుంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ. రెండు 1400 మీటర్ల రేసులు, రెండూ 86 సెకన్లలోనే అయ్యాయనుకోండి. మొదటిదాంట్లో ఆఖరి 400 మీటర్లు 24 సెకన్లు, రెండోదాంట్లో 26. సగటు వేగం సెకనుకు 16.3 మీటర్లు. ఆఖరి 400లో వేగాన్ని దీంతో పోలిస్తే మొదటి రేసు 102 శాతం పైన, రెండోది 95కి కొంచెం తక్కువ. స్పీడ్ ఫిగర్ ఈ రెంటికీ ఒకటే అంకె వేస్తుంది. నిజానికి మొదటిది ఆరంభంలో నెమ్మదిగా సాగింది కాబట్టి ముందు సాగిన గుర్రానికి పని సులువైపోయింది. వెనక చిక్కుకున్న ఒక గుర్రం ఆఖరి 400 మీటర్లు మొదలయ్యే చోట ఆరు లెంగ్త్‌లు (ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) వెనకుండి, మూడు లెంగ్త్‌ల తేడాతో ఓడిందనుకోండి. సెకనుకు ఆరు లెంగ్త్‌ల లెక్కన అది ఆఖరి 400ను 23.5 సెకన్లలో పరిగెత్తినట్టు. ఫలితాల్లో దానికి దక్కేది ఐదో స్థానమో ఆరో స్థానమో. నా షీటులో మాత్రం దాని పక్కన నక్షత్రం గుర్తు. రెండో రేసులో గుర్తు పడేది, మొదటి నుంచీ దంచుకుంటూ వచ్చి ఆఖరి 100 మీటర్లలో చేతులెత్తేసిన గుర్రానికి. చివర్లో దూసుకొచ్చి గెలిచిందాన్ని చూసి నేను పెద్దగా మురిసిపోను, ముందున్నవి అలసిపోయి దారిచ్చాయి కాబట్టి.

ఇబ్బంది ఏమిటంటే, ఫలితాల్లో కనిపించే సెక్షనల్ సాధారణంగా ఆ చోట ముందున్న గుర్రానిది. వెనకున్న వాటిది మనమే వీడియో ఆపి ఆపి తీసుకోవాలి. వీడియోలో సెకనుకు 25 ఫ్రేములుంటే ఒక్కో ఫ్రేము 0.04 సెకను, అంటే కచ్చితత్వానికి లోటు లేదనిపిస్తుంది. కెమెరా స్టాండు వైపు నుంచి ఏటవాలుగా చూస్తుందని మర్చిపోకూడదు. దూరంగా ఉన్న 600 మీటర్ల గుర్తు దగ్గర గుర్రం ఎప్పుడు దాటిందో కంటికి సరిగ్గా తెలియదు, రైలింగుకు దూరంగా బయట పరిగెత్తేది మరీ మోసం చేస్తుంది. అందుకే 600ను పక్కన పెట్టి 400 మీదే ఆధారపడతాను. ఈ పనికి ఓపిక లేనివాళ్ళు సెక్షనల్స్ జోలికి రాకపోవడమే మంచిది.

ట్రాక్ తేడా లెక్కలోనూ సెక్షనల్ అక్కరకొస్తుంది. బిగబట్టి సాగిన రేసుల్ని కూడా సగటులో కలిపేస్తే, ట్రాక్ బాగున్న రోజు కూడా స్లో అని తేలుతుంది. ఆఖరి 400 వేగం శాతం వందకు దగ్గరగా ఉన్న రేసుల్నే తీసుకుంటాను. అలా తీస్తే కొన్ని రోజులు రెండో మూడో మిగులుతాయి, ఆ రోజు ఫిగర్లకు ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తాను. వేసవి సీజన్‌లో జూన్, జూలై జల్లులు ఇంకో తలనొప్పి. పొద్దున పెనెట్రోమీటర్ (నేల ఎంత మెత్తగా ఉందో కొలిచే పరికరం) ఒక రీడింగ్ చూపిస్తుంది, మూడో రేసయ్యాక వాన పడితే ఆ రీడింగ్‌కు విలువ పోయినట్టే. ఫాల్స్ రెయిల్స్ (లోపలి అంచు నుంచి బయటికి జరిపి పెట్టే తాత్కాలిక రైలింగు) పెట్టిన రోజు మలుపులో దూరమే మారుతుంది. గుర్రం మోసే బరువు విషయానికొస్తే, మైలు దూరానికి కిలో అంటే ఇంచుమించు ఒక లెంగ్త్ అనే పాత లెక్కే వాడతాను. పేపర్లో వచ్చే ట్రాక్‌వర్క్ (సాధన పరుగుల టైములు), ఇసుక మీద 600 మీటర్లు 39 సెకన్లు లాంటివి, ఈ షీటులోకి రానివ్వను. మలక్‌పేట నుంచి వచ్చే హైదరాబాద్ గుర్రాలకు అక్కడి అంకెలు ఇక్కడ వెయ్యను. అది వేరే ట్రాక్, వేరే లెక్క.

ఇక డబ్బు సంగతి. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన పక్కనున్న చెన్నై కేసులోనే. పన్ను వేసేటప్పుడు మాత్రం నైపుణ్యానికి రాయితీ ఏమీ లేదు. పందెం పూర్తి మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. నా షీటు ఇచ్చే చిన్నపాటి ఆధిక్యం దాని ముందు నిలవదు. ఇప్పుడు పందెం చాలా తక్కువ, చూడటమే ఎక్కువ.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 1400 మీటర్ల రేసులతో మొదలుపెట్టండి. 1100, 1200ల్లో మొదటి నుంచీ పరుగే కాబట్టి మామూలు టైమే చాలావరకు సరిపోతుంది. 2000, 2400 రేసులు తక్కువ, మామూలు టైము కట్టడానికే డేటా చాలదు. గుర్తు పెట్టుకున్న గుర్రం తర్వాతి రేసులో ఏం చేసిందో తప్పకుండా రాసుకోండి. ఒక సీజన్ నిండేదాకా పర్సు తీయకండి.